న్యూజిలాండ్ పోతే నేనే గిరిజనేతరురాలిని

పోస్ట్ కొంచెం పెద్దదే. సిగ్నల్ ఉన్నప్పుడు తెరిచి పెట్టుకుని, తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి.

ఈసారి భూమి పండుగకి ఊరు వెళ్లాను. మాది కూనవరం మండలం, శబరి ఒడ్డు. పగలు మగవాళ్లు అడవికి పోయారు. మేం ఆడవాళ్లం రోడ్డుకి అడ్డంగా కర్ర పెట్టి, వచ్చిన బండినల్లా ఆపి, పాట పాడి పండుగ డబ్బులు వసూలు చేశాం. రాత్రి అన్నాలయ్యాక వాకిట్లో మంచాలు వేసుకుని కూర్చున్నాం. హైదరాబాద్‌లో బండి మీద పార్సిళ్లు ఇచ్చే పని చేసే మా బావ ఒక ప్రశ్న తీశాడు. "టికెట్టు, వీసా, ఇల్లు అన్నీ ఊరికే ఇస్తాం, ఏ దేశంలో ఉంటావో చెప్పు అంటే ఎవరు ఎక్కడికి పోతారు?"

తమ్ముడు ఆలోచించకుండా అమెరికా అన్నాడు. అన్న జర్మనీ అన్నాడు, అక్కడ సర్కారు యూనివర్సిటీల్లో ఫీజు పెద్దగా ఉండదని ఎవరో చెప్పారట. ఇంటర్ చదివే చెల్లి కొరియా అంది. ఎందుకో ఇంట్లో అందరికీ తెలుసు, రాత్రంతా ఫోన్లో ఆ సీరియళ్లే. పెద్దనాన్న అప్పటిదాకా చుట్ట కాలుస్తూ వింటున్నాడు. "డ్యాము నీళ్లు రాని దేశం ఏదైనా సరే" అన్నాడు. అందరం నవ్వాం. తర్వాత కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

నేను న్యూజిలాండ్ అన్నాను. "గొర్రెలు కాయడానికా మరదలా?" అన్నాడు బావ. మళ్లీ నవ్వులు.

వాళ్లకి అది పండుగ రాత్రి కాలక్షేపం. నాకు కాదు. ఎస్టీ విద్యార్థులకి కేంద్రం ఇచ్చే విదేశీ చదువు స్కాలర్‌షిప్‌కి దరఖాస్తు సగం నింపి పెట్టుకున్నాను. దేశం మొత్తం మీద ఏడాదికి 20 మందికే ఇస్తారు, వస్తుందన్న గ్యారంటీ లేదు. తెలంగాణ పిల్లలకైతే రాష్ట్రం ఇచ్చే 20 లక్షల స్కీమ్ కూడా ఉంది. నేను ఇంటర్ దాకా భద్రాచలం హాస్టల్లోనే చదివాను గానీ 2014లో మా మండలాన్ని ఆంధ్రలో కలిపారు కాబట్టి అది నాకు వర్తించదు. రాత్రికి రాత్రి రాష్ట్రం మారిన వాళ్లం, దేశం మారడం ఎంత పని అని మా ఫ్రెండ్స్ జోకులేసుకుంటాం. సరే, అది పక్కన పెడదాం. యూనివర్సిటీకి పంపే లేఖలో ఒక ప్రశ్నకి జవాబు రాయాలి. ఈ దేశమే ఎందుకు? రెండు వారాలుగా అక్కడే ఆగిపోయాను. ఆ ఆలోచనలే ఈ పోస్ట్.

మనవాళ్లు దేశం ఎంచుకునేటప్పుడు ఏం అడుగుతారో నాకు తెలుసు. జీతం ఎంత, పీఆర్ ఎన్నేళ్లకి వస్తుంది, చలి ఎంత, అక్కడ తెలుగు వాళ్లు ఉన్నారా. ఇందులో తప్పేమీ లేదు. అప్పు చేసి పంపే ఇంట్లో జీతం గురించే ముందు అడగాలి. డబ్బు కోసం పోయేవాళ్లని తక్కువగా మాట్లాడే హక్కు నాకు లేదు, మా బావ హైదరాబాద్ పోయింది కూడా డబ్బు కోసమే. కానీ ఆదివాసీ పిల్లలం కాబట్టి మనం ఇంకో ప్రశ్న కూడా అడగాలని నా వాదన. ఆ నేల మీద ముందు నుంచి ఉన్నవాళ్లు ఎవరు? వాళ్ల భూమి ఇప్పుడు ఎవరి పేరు మీద ఉంది? వాళ్ల పిల్లలకి వాళ్ల భాషలో బడి ఉందా?

ఇది పెద్ద మనసు చూపించుకోవడానికి అడిగే ప్రశ్న కాదు. పక్కా లెక్క. తన ఇంటి ఆదివాసీని ఒక దేశం ఎలా చూసిందో తెలిస్తే, బయట నుంచి వచ్చిన ఆదివాసీని ఎలా చూస్తుందో కొంత తెలుస్తుంది. "తెలుగు వాళ్లు ఉన్నారా" అన్న ప్రశ్న మనకి అంత ధైర్యం ఇవ్వదు. పరాయి దేశంలో కనబడిన తెలుగువాళ్లు ఊరి పేరు అడుగుతారు, ఇంటి పేరు అడుగుతారు, మూడో ప్రశ్నకి "మీరేమిట్లు?" దగ్గరికి వస్తారు. అమెరికాలో సియాటిల్ నగరం 2023లో కులవివక్షని నిషేధిస్తూ చట్టం చేసుకోవాల్సి వచ్చిందంటే మనవాళ్లు సూట్‌కేసులో ఏం పెట్టుకుపోయారో అర్థం చేసుకోండి.

ఈ ప్రశ్నతో కొలిస్తే అందరూ ఎగబడే దేశాలు చాలావరకు వెనకబడతాయి. అమెరికా అక్కడి ఆదివాసీలందరికీ పౌరసత్వం ఇచ్చింది 1924లో. వాళ్ల గడ్డ మీద వాళ్లకే! ఆస్ట్రేలియాలో ఆదివాసీల మాట పార్లమెంటుకి వినిపించేలా ఒక సలహా మండలిని రాజ్యాంగంలో పెడదామా అని 2023 అక్టోబర్‌లో ఓటింగ్ పెడితే వందకి 60 మంది వద్దన్నారు. అధికారం కాదు, సలహా ఇస్తామంటేనే వద్దన్నారు. కెనడా గురించి చదివిన రోజు మాత్రం నాకు నిద్ర పట్టలేదు. అక్కడ వందేళ్లకి పైగా ఆదివాసీ పిల్లల్ని ఇళ్ల నుంచి తీసుకుపోయి హాస్టల్ బడుల్లో పెట్టారు. జుట్టు కత్తిరించారు, భాష మాట్లాడితే కొట్టారు. ఆ బడుల్లో 3 వేల మందికి పైగా పిల్లలు చనిపోయారని అక్కడి విచారణ కమిషనే 2015లో లెక్క తేల్చింది. మన ఆశ్రమ పాఠశాలలు వాటితో సమానం అని నేను అనను. హాస్టల్ అన్నం తినకపోతే ఇవాళ ఈ నాలుగు ముక్కలు రాసేదాన్ని కాదు. కానీ ఆరేళ్ల వయసులో ట్రంకు పెట్టెతో గేటు లోపల నిలబడి అమ్మ వెనక్కి వెళ్లిపోవడం చూసినవాళ్లకి ఆ కథ పరాయి కథలా అనిపించదు. ఈ మూడు దేశాల్నీ నాలుగైదు వాక్యాల్లో కొట్టేయడం అన్యాయమే, ఎవరైనా ఎదురు పోస్ట్ రాస్తే సంతోషంగా చదువుతాను.

ఇక న్యూజిలాండ్. ఆ దేశానికి మావోరీ భాషలో అవోటియరోవా అని పేరు. పాస్‌పోర్టు అట్ట మీద రెండు పేర్లూ ఉంటాయి. మావోరీలు అక్కడ వందకి 17 మంది దాకా ఉంటారు. (మనం 2011 లెక్కల్లో తెలంగాణలో వందకి 9, ఆంధ్రలో 5 చిల్లర.) 1840 ఫిబ్రవరి 6న వైటాంగి అనే చోట బ్రిటిష్ రాణి తరఫు వాళ్లూ మావోరీ పెద్దలూ ఒక ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. తర్వాత నెలల్లో ఊరూరా తిప్పి 500 మందికి పైగా పెద్దల చేత సంతకాలు పెట్టించారు. చాలామంది తమ గుర్తులు గీశారు. ఆ కాగితం రెండు భాషల్లో ఉంది. ఇంగ్లీషు కాగితంలో సర్వాధికారం రాణికి ఇచ్చేసినట్టు ఉంది. మావోరీ కాగితంలో పాలన చూసుకోమన్నట్టు, తమ భూముల మీద తమ పెద్దరికం తమకే ఉన్నట్టు ఉంది. ఎక్కువమంది సంతకం పెట్టింది మావోరీ కాగితం మీద.

ఇది చదివినప్పుడు మా తాత గుర్తొచ్చాడు. ఉప్పు, కిరోసిన్ అప్పుకి కాగితం మీద వేలిముద్ర వేసి, ఏళ్ల తర్వాత అది భూమి కాగితం అని తెలుసుకున్నవాళ్లలో ఆయన ఒకడు. మన ఏజెన్సీలో ఈ కథ లేని గూడెం ఉందా? తేడా ఏమిటంటే, వాళ్లు ఆ కాగితాన్ని వదల్లేదు. మోసం జరిగిన కాగితాన్నే పట్టుకుని, మా భాషలో ఏం రాసుందో అదే చెయ్యండి అని నూట యాభై ఏళ్లు వెంటపడ్డారు. 1975లో వినా కూపర్ అనే 79 ఏళ్ల ముసలమ్మ, ఇక ఒక్క ఎకరం కూడా పోనివ్వం అంటూ ఉత్తరం కొస నుంచి రాజధాని దాకా వెయ్యి కిలోమీటర్ల పాదయాత్ర నడిపించింది. అదే ఏడాది ఒప్పందం ఉల్లంఘనల మీద విచారించే ట్రిబ్యునల్ పుట్టింది. 1985 నుంచి అది 1840 దాకా వెనక్కి పోయి విచారించవచ్చు. ఆక్లండ్‌లో బాస్టియన్ పాయింట్ అనే చోట తమ భూమిలో 506 రోజులు కూర్చున్నారు. 1978 మేలో పోలీసులు, సైన్యం వచ్చి 222 మందిని అరెస్టు చేసి ఖాళీ చేయించారు. పదేళ్లకి ప్రభుత్వం ఆ భూమి తిరిగి ఇస్తానని ఒప్పుకుంది. 1995లో వైకాటో తెగకి జరిగిన అన్యాయానికి క్షమాపణ చెప్పే చట్టం మీద ఎలిజబెత్ రాణి స్వయంగా సంతకం పెట్టింది. పోయినదానితో పోలిస్తే ఇచ్చిన డబ్బు చాలా తక్కువ, అది వాళ్లూ అంటారు. కానీ తప్పు చేశాం అని సర్కారు కాగితం మీద రాసింది. మన దగ్గర 1/70 ఉంది, పీసా ఉంది, 1997 సమత తీర్పు ఉంది. చట్టాలకి కొదవ లేదు. తప్పు చేశాం అన్న కాగితం మాత్రం నాకు ఇప్పటిదాకా కనబడలేదు.

భాష సంగతి చెప్తాను, నా మనసు గెలిచింది అక్కడే. మా కోయలో నీళ్లని ఏరు అంటాం. ఒకటో తరగతిలో దాహం వేసి "ఏరు, ఏరు" అన్నాను. మా సారుకి కోయ రాదు. తెలుగులో ఏరంటే వాగు కదా, క్లాసు మధ్యలో వాగుకి పోతానంటున్నాను అనుకుని గోడ కుర్చీ వేయించాడు. ఆ రోజు సాయంత్రం ఇంటికి వెళ్లి కుండలో ముంచి ఎన్ని నీళ్లు తాగానో అమ్మ ఇప్పటికీ చెప్తుంది. మావోరీ పిల్లలు కూడా బడిలో భాష మాట్లాడితే దెబ్బలు తిన్నారు. రెండు తరాలకి భాష దాదాపు ఇళ్లలోంచి పోయింది. అప్పుడు ఏం చేశారు? 1972లో మా భాష బడిలో పెట్టండని 30 వేల సంతకాలతో పార్లమెంటుకి అర్జీ ఇచ్చారు. 1982లో భాష బాగా వచ్చిన అవ్వలూ తాతలూ పసిపిల్లల్ని కూర్చోబెట్టుకుని, మావోరీ తప్ప వేరే మాట వినబడని బాలవాడీలు మొదలుపెట్టారు. వాటికి కోహంగ రేయో అని పేరు, భాషా గూడు అని అర్థం. ఏ జీవో కోసం ఆగలేదు. 1987లో మావోరీ ఆ దేశ అధికార భాష అయింది.

మన దగ్గర సంతాలీ, బోడో ఎనిమిదో షెడ్యూల్లోకి ఎక్కాయి. గోండీ ఎక్కలేదు, కోయ ఎక్కలేదు. ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులు స్థానిక గిరిజనులకే అన్న జీవో 3ని 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. రిజర్వేషన్ శాతం గురించి లాయర్లు ఎన్నైనా చెప్పొచ్చు. నాకు మాత్రం ఆ జీవో అంటే ఒకటో తరగతి పిల్ల "ఏరు" అంటే గ్లాసు అందించే టీచరమ్మ.

నది సంగతి కూడా రాయాలి. ఉత్తర ద్వీపంలో వాంగనుయి అని ఒక నది ఉంది. ఆ నది మాకు ముత్తాత, దాన్ని ముక్కలు చేసి అమ్మడం కుదరదు అని దాని ఒడ్డు తెగలు నూట నలభై ఏళ్లు కోర్టుల చుట్టూ తిరిగాయి. 2017 మార్చిలో పార్లమెంటు చట్టం చేసి, కొండ నుంచి సముద్రం దాకా ఆ నది మొత్తాన్ని ఒక వ్యక్తిగా గుర్తించింది. దాని తరఫున మాట్లాడటానికి ఇద్దరు ఉంటారు. ఒకరిని ప్రభుత్వం వేస్తుంది, ఒకరిని తెగలు వేస్తాయి. విచిత్రం ఏమిటంటే అదే నెలలో మన ఉత్తరాఖండ్ హైకోర్టు కూడా గంగ, యమునలు వ్యక్తులే అని తీర్పు ఇచ్చింది. జూలైలో సుప్రీంకోర్టు ఆపేసింది. వాళ్ల దగ్గర నది తరఫున మాట్లాడేది ఆ ఒడ్డు మనుషులు. మన తీర్పులో ఆ పని ఆఫీసర్లకి అప్పగించారు. ఆ తీర్పు ఆగకపోయినా ఎంత దూరం పోయేదో నాకు అనుమానమే.

మా ఊరికి గోదావరీ శబరీ రెండూ కావాలి, రెండూ భయమే. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పుడు మా ఇంటి పెంకుల దాకా నీళ్లొచ్చాయి. పది రోజులు గుట్ట మీద టార్పాలిన్ కింద ఉన్నాం. పోలవరం 41.15 కాంటూరు లెక్కలో మా ఊరు లేదు, 45.72 లెక్కలో ఉంది. నీళ్లకి ఆ లెక్కలు ఎవరూ చెప్పినట్టు లేరు. పెద్దనాన్న ఆ రాత్రి అన్న మాట ఇందుకే.

ఇంకొక విషయం నాకు బాగా నచ్చింది. వాళ్ల పార్లమెంటులో మావోరీలకి ప్రత్యేక సీట్లు 1867లో మొదలయ్యాయి, ఇప్పుడు 7 ఉన్నాయి. ఆ సీట్లకి ఓటేసేది మావోరీ ఓటర్ల జాబితాలో పేరు రాయించుకున్నవాళ్లే. మన రిజర్వుడు సీటులో నిలబడేది మనవాడే గానీ ఓటేసేది అందరూ. అందుకే గెలిచాక మనవాడు ఎవరి మాట వింటాడో మీకు నేను చెప్పక్కర్లేదు.

అయితే అది స్వర్గం అని ఈ పోస్ట్ చదివి ఎవరూ అనుకోకండి. జనాభాలో వందకి 17 మంది ఉన్న మావోరీలు అక్కడి జైళ్లలో సగం మందికి పైగా ఉన్నారు. మిగతావాళ్లకంటే ఏడేళ్లు ముందే చనిపోతున్నారు. వాళ్ల ఆరోగ్యం కోసం పెట్టిన ప్రత్యేక సంస్థని 2024లో కొత్త ప్రభుత్వం ఎత్తేసింది. 1840 ఒప్పందానికి కొత్త అర్థం రాసేస్తామని ఒక బిల్లు కూడా తెచ్చారు. ఒక కుర్ర ఎంపీ సభలోనే బిల్లు కాగితం చింపి హాకా మొదలుపెట్టిన వీడియో మీరందరూ చూసే ఉంటారు, మన గ్రూపుల్లో కూడా తెగ తిరిగింది. వేలమంది నడుచుకుంటూ రాజధానికి వచ్చారు. 2025 ఏప్రిల్‌లో 112కి 11 ఓట్ల తేడాతో బిల్లు ఓడిపోయింది. నాకు ఆ దేశం నచ్చింది అక్కడ అన్యాయం లేదని కాదు. అన్యాయం జరిగినప్పుడు అడిగే గొంతుకి అక్కడ కొంచెం బలం ఉందని.

ఇంతవరకు రాసి సంతోషంగా అమ్మకి చదివి వినిపించాను. అమ్మ బడికి పోలేదు, అంతా విని ఒక్క మాట అడిగింది. "అంటే వాళ్ల భూమిలోకి నువ్వు పోతున్నావా?"

అప్పటిదాకా నాకు తట్టలేదు. చిన్నప్పటి నుంచి మన మీటింగుల్లో, ధర్నాల్లో, ఎమ్మార్వో ఆఫీసు ముందు మనం ఎక్కువసార్లు పలికిన మాట గిరిజనేతరులు. వాళ్లు వచ్చారు, కొట్టు పెట్టారు, భూమి పట్టారు. న్యూజిలాండ్ విమానం దిగిన క్షణం నుంచి అక్కడ నేను ఎవరిని? నా ఎస్టీ సర్టిఫికెట్ అక్కడ ఉత్త కాగితం. నాకు వీసా ఇచ్చేది మావోరీలు కాదు, వాళ్ల భూమి లాక్కున్న రాజ్యం. నేను అద్దెకుండే ఇల్లు ఏ తెగ దగ్గర గుంజుకున్న నేల మీద కట్టారో నాకు తెలియదు. చదువయ్యాక ఉద్యోగం దొరికితే మావోరీ పిల్లకి దొరకనిది కూడా కావచ్చు. న్యూజిలాండ్ పోతే నేనే గిరిజనేతరురాలిని. అమెరికా పోయినా, కెనడా పోయినా, ఆస్ట్రేలియా పోయినా అంతే. మన అన్నలు, అక్కలు అక్కడ ఉన్నవాళ్లు ఈ మాట ఎప్పుడైనా అనుకున్నారా? నన్ను తిట్టినా పర్వాలేదు, జవాబు చెప్పండి.

రెండు రోజులు దరఖాస్తు ముట్టుకోలేదు. తర్వాత మా ఊళ్లో ఉన్న ఇద్దరు గిరిజనేతరుల గురించి ఆలోచించాను. ఒకాయన కిరాణా కొట్టు. తండ్రి నాటి నుంచి ఇక్కడే ఉన్నారు, మన చింతపండు, మన ఇప్పపువ్వు, మన జిగురు కొని ఇల్లు కట్టారు. కోయ ముక్క నేర్చుకోలేదు. "మీ వాళ్లు" అనే మాట లేకుండా ఆయన నోట్లోంచి వాక్యం రాదు. ఇంకొకామె మైదానం నుంచి వచ్చిన ఏఎన్ఎం. రెండేళ్లలో కోయ నేర్చుకుంది, తప్పుల్తోనే మాట్లాడేది. ఏ ఇంటికి ముందు పోవాలో, వేల్పుల గుడి దగ్గర చెప్పులు ఎక్కడ విప్పాలో అడిగి తెలుసుకుంది. ఆమె బదిలీ అయిన రోజు మా అవ్వ కోడిని కట్టి ఇచ్చింది. ఇద్దరూ గిరిజనేతరులే.

న్యూజిలాండ్‌లో ఈ తేడాకి ఒక పేరే ఉంది. మావోరీలు తమని తంగత ఫెనువా అంటారు, నేల మనుషులు అని. తర్వాత వచ్చిన అందరినీ, ఒప్పందాన్ని గౌరవించి ఉండేవాళ్లయితే, తంగత తిరితి అంటారు, ఒప్పందం మనుషులు అని. వచ్చినవాడికి ఒక చోటు ఉంది, దానితోపాటు ఒక బాధ్యత ఉంది. వాళ్ల ఊరి మండపానికి కొత్తవాళ్లు వస్తే నేరుగా లోపలికి పోరు. గేటు దగ్గర నిలబడతారు. లోపలి నుంచి ఒక ఆడమనిషి గొంతెత్తి పిలుస్తుంది. పిలుపు అందాకే మెల్లగా నడుస్తారు. తర్వాత ఎవరు ఎక్కడివాళ్లో చెప్పుకుంటారు, ముందు నా కొండ ఇది, నా నది ఇది, నా తెగ ఇది అని, పేరు చివర్న. మన దగ్గర కొత్త కోయ మనిషి ఎదురైతే పేరుకంటే ముందు "ఏ గట్టు?" అని అడగమా? మూడో గట్టా, ఐదో గట్టా తేలాకే అన్నా బావా అన్నది తేలుతుంది. ఆ మండపం ముందు నిలబడి నా నది శబరి అని చెప్పుకోవాలని నాకు ఆశగా ఉంది. మన ఏజెన్సీకి వచ్చినవాళ్లు గేటు దగ్గర ఆగలేదు, ఎవరూ పిలవలేదు. నేను ఆగుతాను. నాకు ఆ అవకాశం, ఆ పద్ధతి ఉన్న దేశం కావాలి.

ఇక నార్వే గురించి చెప్పకపోతే పాపం. నిజానికి నా మొదటి ఎంపిక అదే. అక్కడ సామి అని ఆదివాసీలు ఉన్నారు, ధ్రువ జింకల్ని మేపుకుంటారు. ఆల్టా నది మీద డ్యాము కట్టాలని 1968లో వేసిన ప్లానులో మాసి అనే సామి ఊరు మొత్తం మునిగిపోవాలి. ఊరు తిరగబడింది, 1973లో ఊరిని ముంపులోంచి తీసేశారు. అయినా డ్యాము వద్దని 1979లో సామి కుర్రాళ్లు ఓస్లోలో పార్లమెంటు ముందు గుడారం వేసి నిరాహారదీక్ష చేశారు. 1981 జనవరి చలిలో గొలుసులతో కట్టేసుకుని కూర్చున్న జనాన్ని 600 మంది పోలీసులు లాగేశారు. ఓడిపోయారు, డ్యాము 1987లో నడిచింది. కానీ ఆ ఓటమి సిగ్గుతో సామి చట్టం వచ్చింది, 1989లో సామి పార్లమెంటు మొదలైంది, 1990లో ఆదివాసీ హక్కుల ఐఎల్ఓ 169 ఒప్పందాన్ని అన్ని దేశాలకంటే ముందు నార్వే ఒప్పుకుంది. మన దేశం ఇప్పటికీ ఒప్పుకోలేదు. పెద్దనాన్నకి ఇది చెప్తే "ఊరు మిగిలిందా?" అని అడిగాడు. మిగిలింది, ఇప్పటికీ ఉంది అన్నాను. "అయితే వాళ్లు ఓడిపోలేదు" అన్నాడు.

మరి నార్వే ఎందుకు కాదు అంటే, ఫోసెన్ అని ఒకచోట సామి మేత భూముల్లో పెట్టిన గాలిమరలు వాళ్ల హక్కుల్ని దెబ్బతీశాయని 2021 అక్టోబర్‌లో అక్కడి సుప్రీంకోర్టే చెప్పింది. 500 రోజుల తర్వాత కూడా గాలిమరలు తిరుగుతూనే ఉన్నాయి. సామి పిల్లలు మంత్రిత్వ శాఖల గుమ్మాల ముందు పడుకోవాల్సి వచ్చింది. తీర్పు గెలిచి కూడా ఎదురుచూడటం మనకి ఇక్కడే దొరుకుతుంది, దానికోసం అంత చలిలోకి పోవాలా? ఇది సగం జోకే. ఇంకో సగం ఏమిటంటే, నదిని వ్యక్తిగా నిలబెట్టిన పని ఎలా జరిగిందో, ఏ కాగితం ఎవరు రాశారో, ఒడ్డు తెగల్ని ఒక్క మాట మీదికి ఎలా తెచ్చారో దగ్గరుండి చూసి నేర్చుకోవాలని ఉంది. మా శబరికి అది పనికొస్తుందో లేదో చూడాలి.

అక్కడే ఉండిపోతావా అని బావ అడిగాడు. చదువుకి, తర్వాత ఇంకొన్నేళ్లకి అయితే సరే. ఎప్పటికీ అంటే నాకు గొంతు దిగడం లేదు. ఉండిపోయే వాళ్లని తప్పుపట్టను, కానీ ఉండేవాళ్లు ఏ నేల మీద ఉన్నారో తెలుసుకుని ఉండాలి. కనీసం ఆ ఊరి అసలు పేరు, ఆ నది అసలు పేరు తెలుసుకోవాలి.

లేఖలో "ఈ దేశమే ఎందుకు" దగ్గర ఈ సంగతే క్లుప్తంగా రాశాను. నేను మా దగ్గర గిరిజనురాలిని, మీ దగ్గర గిరిజనేతరురాలిని, ఆ రెండోది ఎలా ఉండాలో నేర్చుకోవడానికి వస్తున్నాను అని. మా కాలేజీ మేడమ్ చూసి ఆ వాక్యం తీసెయ్, సెలక్షన్ వాళ్లకి అర్థం కాదు అంది. తీయలేదు. మీరేమంటారు? న్యూజిలాండ్‌లో చదివిన మనవాళ్లు ఎవరైనా గ్రూపులో ఉంటే ఐఈఎల్‌టీఎస్ సంగతి, గది అద్దె సంగతి కూడా చెప్పండి, అవి కూడా నిజమైన భయాలే.

దరఖాస్తులో ఇంకో గడి ఖాళీగా ఉండిపోయింది. శాశ్వత చిరునామా. నాన్న కాలనీలో ఇచ్చే ఇంటి నంబరు వచ్చాక రాద్దాం ఆగు అన్నాడు. అది ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు, ఆఖరు తేదీ దగ్గర పడింది. నిన్న ఊరి పేరే రాసేశాను, పిన్‌కోడ్‌తో సహా.

జోహార్.